ఎడమవైపు స్క్రూ

ఆ రోజుకి కరీం బాషా వేసుకున్న పథకం చాలా మామూలుది. పొద్దున్నే బండి స్టార్టు చెయ్యాలి. కురుపాం మార్కెట్టు మలుపులో పురోహితుడు నరసింహమూర్తి గారిని ఎక్కించుకోవాలి. ఎండెక్కకముందే భీమిలి చేరి, స్నేహితుడు త్రినాథరావు సంవత్సరీకం జరుగుతున్నంతసేపూ ఓ పక్కన కూచోవాలి. బండి అతని ఇంటివాళ్ళకి అప్పగించి తిరిగి రావాలి. ఇందులో ఏడవడం ఎక్కడా లేదు. ఏడుపు వస్తే తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చని అనుకున్నాడు.

"సుబ్బరంగా బస్సులో ఎల్లొచ్చు కదా," అంది రషీదా. ఆ ఇంట్లో మామూలు మాటలన్నీ ఉర్దూలో జరుగుతాయి. మొగుణ్ణి దులపాల్సి వచ్చినప్పుడు మాత్రం రషీదా తెలుగులోకి దిగుతుంది, ఇరుగుపొరుగు వాళ్ళకి అన్యాయం జరగకూడదని.

"బండి అప్పగించమన్నారు కదా మరి. బస్సులో ఏసుకెల్తానేటి?"

"నిలబడి రెండు నిమిసాలు కొట్టుకోదు అది. నువ్వు దాన్ని భీమిలి తీసుకెల్తావా, అది నిన్ను తీసుకెల్తదా? నా మాటిని బస్సెక్కు."

కరీం బాషా వినలేదు. పెళ్ళాం మాట వినకపోవడం ఆయనకు కొత్త కాదు, విననందుకు అనుభవించడమూ కొత్త కాదు.

అది ఇంగ్లీషు మోటారు సైకిలు. ఎప్పుడో హార్బర్లో పనిచేసిన దొర ఒకాయన దాన్ని అమ్మేసి ఓడెక్కిపోతే త్రినాథరావు కొన్నాడు. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కార్బ్యురేటరు. పెట్రోలులో గాలి కలిపి ఇంజనుకి అందించడం కార్బ్యురేటరు పని. రెండూ సమానంగా అందిస్తే బండి నిలబడ్డ చోట పిల్లిలా గుర్రుమంటుంది. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే చలిజ్వరం వచ్చినట్టు వణికి, నాలుగు తుమ్ములు తుమ్మి ఆగిపోతుంది.

త్రినాథరావుది కోనసీమ. హార్బర్లో టగ్గు మీద ఇంజను డ్రైవరుగా చేరి, పెద్ద ఓడల్ని లాక్కొచ్చే ఆ చిన్న ఓడ కడుపులో, ఇంజను పక్కన, సగం జీవితం గడిపాడు. టగ్గు మనుషులందరిలాగే అతను మాట్లాడితే అరిచినట్టుండేది. వన్ టౌన్‌లో మెకానిక్కు షెడ్డున్న కరీం బాషాకీ అతనికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, మొదటి రోజు నుంచీ ఒకరికొకరు బావలే. కరీం బాషా ఏం చెప్పినా త్రినాథరావు మొహంకేసి కళ్ళార్పకుండా చూసి, చివర్లో "ఆయ్" అనేవాడు. భోంచేశావా అంటే ఆయ్. ఇంజనాయిలు మార్చాలంటే ఆయ్. "నిన్ను నిలువునా ముంచేత్తన్నాను బావా," అని ఓసారి వేళాకోళమాడితే దానికీ ఆయ్. అంత నమ్మకమున్న మనిషిని కరీం బాషా తన వృత్తిలో మరొకణ్ణి చూడలేదు.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక షెడ్డు తలుపు దగ్గరికేసి, ఇద్దరూ బండికి అటొకరు ఇటొకరు ముక్కాలిపీటలు వేసుకునేవారు. కుడి కార్బ్యురేటరు కరీం బాషాది, ఎడమది త్రినాథరావుది. సెలైను గొట్టం ముక్కలు రెండు సంపాదించి, ఒక కొస కార్బ్యురేటరు నోటి దగ్గర, ఒక కొస చెవిలో పెట్టుకుని, అది గాలి పీల్చే బుస వినేవారు. రెండు బుసలూ ఒకటయ్యేదాకా ఎవరి స్క్రూ వాళ్ళు తిప్పాలి. మిగతా మెకానిక్కులు ఒంటరిగా చిటికెలో కానిచ్చే పని. వీళ్ళకి సాయంత్రం అయిపోయేది. ఒకసారి త్రినాథరావు టీ కొట్టుకి వెళ్ళినప్పుడు, పని తొందరగా తెములుతుందని కరీం బాషా ఎడమ స్క్రూ కూడా తనే తిప్పేశాడు. ఆ మనిషి అలిగి కొన్నాళ్ళు షెడ్డు గడప తొక్కలేదు. అప్పట్నుంచీ అది చట్టం. నీ స్క్రూ నీది, నా స్క్రూ నాది.

నిరుడు త్రినాథరావు టగ్గులోనే గుండె ఆగి పోయాడు. కబురు వచ్చేసరికి కరీం బాషా ఎవరిదో స్కూటరు బ్రేకు బిగిస్తున్నాడు. పూర్తిగా బిగించి, స్కూటరాయన్ని పంపించి, అప్పుడు ఏడ్చాడు.

తరవాత హార్బర్లో నిలిచిపోయిన బండిని షెడ్డుకి తోసుకొచ్చి, లక్క కరిగించి ఎడమ స్క్రూ మీద ఒక చుక్క వేశాడు. ఆఖరి శుక్రవారం త్రినాథరావు చెయ్యి తిప్పి వదిలిన చోటు అది. అది చెదిరితే ఆ మనిషి చేతి పని భూమ్మీద ఇంకెక్కడా మిగలదని ఆయన బాధ. కదలకుండా పడి ఉన్న బండికి మురికి పట్టడం సహజం. ఎడమ కార్బ్యురేటరు విప్పి ఓసారి ఊదితే సరిపోతుందని షెడ్డు ముందు పల్లీలమ్మే ఆవిడకి కూడా తెలుసు. కానీ విప్పాలంటే స్క్రూ తియ్యాలి. అందుకని ఏడాదిగా కరీం బాషా తన కుడి స్క్రూ ఒక్కదాన్నే అటూ ఇటూ తిప్పుతూ, ఎడమ కాలు పడిపోయినవాడికి కుడి కాలికి తైలం రాస్తున్నాడు.

ఇలా ఉండగా, పోర్టు క్వార్టరు ఖాళీ చేసి భీమిలిలో పుట్టింటికి చేరిన త్రినాథరావు భార్య పద్మావతి, తమ్ముడు గవర్రాజు చేత కబురు పంపింది. "సంవత్సరీకం రోజున బండి తెచ్చీమంది అక్క," అన్నాడు గవర్రాజు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సీటు మీద చరిచి, "రెండెందుకన్నా ఈటికి? ఒకటి పీకీత్తే పెట్రోలు కలిసొద్ది," అన్నాడు.

ఆ మాటకి కరీం బాషాకి అన్నం సహించలేదు. బండి వాళ్ళది, తీసుకోనీ. కానీ నిలబడి కొట్టుకోలేని బండి ఇస్తే గవర్రాజు మర్నాడే ఎవడి చేతో ఎడమ వైపు విప్పించేస్తాడు. ఎలాగైనా స్క్రూ ముట్టకుండా బండిని కుదిర్చి, దాన్ని ఎవరూ తాకకుండా చూస్తానని పద్మావతి దగ్గర మాట తీసుకోవాలి. రషీదాకి చెప్పని పథకం ఇదీ.

బండి పదో కిక్కుకో పదిహేనో కిక్కుకో స్టార్టయింది. దానికి ఇంకో జబ్బు కూడా ఉంది. ఏడాది కదలకపోవడంతో క్లచ్చు ప్లేట్లు అతుక్కుపోయి సగమే వదులుతున్నాయి. పరుగులో ఉంటే పరవాలేదు. ఆపితే మాత్రం ఇంజను ఆ బరువు మొయ్యలేక చచ్చి ఊరుకుంటుంది. కాబట్టి భీమిలి దాకా ఎక్కడా ఆపకుండా పోవాలని కరీం బాషా నిశ్చయించుకున్నాడు. ఈ సంగతి నరసింహమూర్తి గారికి ముందుగా తెలియదు.

ఆయన కురుపాం మార్కెట్టు మలుపులో చంకన సంచీ, చేతిలో దర్భల కట్టతో నిలబడి ఉన్నారు.

"ఎక్కండి పంతులుగారూ! ఎక్కీయండి, ఎక్కీయండి!"

"ఆపితే కదయ్యా ఎక్కడం!"

"ఆపితే సచ్చిపోద్దండి! పరిగెట్టుకొచ్చి ఎక్కీయండి!"

పంతులుగారు పరుగెత్తారు. తద్దినాలకి ఎంతోమంది ఆయన కోసం పరుగెత్తారు గానీ, ఆయన పరుగెత్తడం ఇదే మొదలు. మొత్తానికి ఎక్కారు. కుడికాలి చెప్పు ఎక్కలేదు.

"నా చెప్పు! బాషా, చెప్పు నాయనా!"

"వచ్చినప్పుడు ఏరుకుందారండి."

"మొన్న కొన్నదయ్యా!"

"అయితే మరీ మంచిది. దూరం నుంచే మెరుస్తది."

దారిలో నల్లనువ్వులు కొనాలని పంతులుగారు గుర్తుచేసేసరికి కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. అరటాకులన్నారు, అవీ వెనక్కి వెళ్ళిపోయాయి. మద్దిలపాలెం జంక్షన్లో స్టీలు ప్లాంటు సామాను లారీల కోసమని కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. కరీం బాషా చట్టానికి భయపడే మనిషి. కానీ బండి భయపడదు. ఆపలేక, దూసుకుపోలేక, కానిస్టేబులు నిలబడ్డ గొడుగు దిమ్మ చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు.

"ఏటయ్యా, ఏటా తిరుగుడు? ఆపెహె!" అన్నాడు కానిస్టేబులు.

"సంవత్సరీకం నాయనా!" అన్నారు పంతులుగారు మొదటి చుట్టులో.

"ఎవరికి?"

జవాబు రెండో చుట్టులో వచ్చింది. "టగ్గు త్రినాథరావుకి!"

"అయితే ఆగడానికేటి?"

"అది బాషానే అడగాలి! నా చెప్పు కూడా పోయింది!" అన్నారు మూడో చుట్టులో. ఆయన ఇంకేదో చెప్పబోయారు గానీ కళ్ళు తిరుగుతున్నాయి. తల దిమ్మెక్కింది కానిస్టేబులుకి కూడా. లారీలని ఆపేసి, "ఎల్లండి మహానుభావా, ముందెల్లండి!" అని దణ్ణం పెట్టి పంపించేశాడు.

హనుమంతవాక దాటాక రోడ్డు ఖాళీ అయింది. గాలి బాగా వీస్తోంది. పరుగులో బండి బాగానే ఉంది, దాని రోగమంతా ఆగితేనే. మనుషుల్లో కూడా కొందరంతే.

"పుణ్యాత్ముడయ్యా త్రినాథరావు," అన్నారు పంతులుగారు, ఒంటి చెప్పు కాలు జాగ్రత్తగా ముడుచుకుని. "సత్యనారాయణ వ్రతం చేయించినప్పుడు కథ చెబుతుంటే, కన్ను తిప్పకుండా నా మొహమే చూస్తూ కూచునేవాడు. అంత భక్తి నేనెక్కడా చూళ్ళేదు."

"నన్ను కూడా అలాగే సూసీవోడండి," అన్నాడు కరీం బాషా.

తగరపువలసలో జూట్ మిల్లు షిఫ్టు వదిలారు. రోడ్డుకి అడ్డంగా సైకిళ్ళే సైకిళ్ళు. చుట్టూ తిరగడానికి ఇక్కడ దిమ్మ కూడా లేదు. బండి ఒకసారి తుమ్మి, ఇంకోసారి తుమ్మి, ప్రాణం విడిచింది. భీమిలి రోడ్డు మీదికి తోసుకుని వెళ్ళి ఎన్ని కిక్కులు కొట్టినా దులిపిన మసి తప్ప ఏమీ రాలేదు. స్టాండు స్ప్రింగు కూడా అప్పుడే తెగింది. చేసేది లేక కరీం బాషా బండిని రోడ్డు వారన పక్కకి పడుకోబెట్టి, తనూ నేల మీద బోర్లా పడుకుని, ఎడమ కార్బ్యురేటరుకి చెవి ఆనించాడు. లోపల పెట్రోలు కదులుతోందో లేదో వినాలి. పంతులుగారు మైలురాయి మీద కూలబడి, కర్మకాలం మించిపోతోందని రెండు చేతులా తల పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడు భీమిలి బస్సు వాళ్ళ పక్కనుంచి పోయింది. పడిపోయిన బండి, నేల కరిచి కదలకుండా పడి ఉన్న టోపీ మనిషి, పక్కన ఒంటి చెప్పుతో తల పట్టుకున్న పంతులు. బస్సు ఆగలేదు. లోపలి జనం మాత్రం కిటికీల్లోంచి సగానికి సగం బయటికొచ్చి చూశారు. భీమిలిలో దిగిన కండక్టరు టీ కొట్టు దగ్గర ఆ కబురు వదిలేశాడు. అది పద్మావతి ఇంటికి చేరేసరికి పంతులుగారు కూడా పోయారు.

గవర్రాజు వెంటనే పనిచేసే రకం, ఆలోచన తరవాత. ఎడ్లబండి కట్టించి, నలుగుర్ని ఎక్కించుకుని, తెల్లబట్ట కొనుక్కుని బయల్దేరాడు. బాషా ఇంటికి కూడా మనిషిని పంపబోతుంటే పద్మావతి అడ్డం పడింది. "కళ్ళతో సూడకుండా వదినకి అలాటి కబురు అంపొద్దు. నాకు అలాగే అంపారు," అంది.

ఎడ్లబండి వచ్చేసరికి కరీం బాషా ఇంకా నేల మీదే ఉన్నాడు. పంతులుగారు అలిసిపోయి కళ్ళు మూసుకున్నారు. గవర్రాజు దూరం నుంచే భోరుమంటూ వచ్చి, "అన్నా, ఎంత పనైపోనాది!" అని కరీం బాషా మీద తెల్లబట్ట కప్పేశాడు.

"ఎవడ్రా అది? ఎలుతురు కమ్మేత్తన్నావ్!" అంది తెల్లబట్ట.

నలుగుర్లో ఇద్దరు పారిపోయారు. మిగిలిన ఇద్దరి సాయంతో ఇంగ్లీషు బండిని ఎడ్లబండి మీదికెక్కించి, పైన తెల్లబట్ట కప్పి, దాని వెనక కరీం బాషా, పంతులుగారు, గవర్రాజు నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చారు. దారిలో తెలియనివాళ్ళు లేచి నిలబడి నమస్కారాలు పెట్టారు.

పద్మావతి వీధి అరుగు మీద నిలబడి ఉంది. కరీం బాషా నడిచి రావడం చూసి, ముందు అరుగు స్తంభం పట్టుకుంది. తరవాత దిగి వచ్చింది. "ఆ దిక్కుమాలిన బండి కోసం నీకేటైనా అయిపోతే వదినకి మొగం ఎలా సూపించాల నాను? ఒకరు సాలలేదేటి నాకు?" అంటూ ఏడ్చింది. కరీం బాషా తలొంచుకున్నాడు. ఆ తిట్లలో చెల్లెలి ప్రేమంతా ఉంది.

కోనసీమ నుంచి వచ్చిన త్రినాథరావు తమ్ముడు కర్మ చేశాడు. నువ్వులు పక్కింట్లోంచి వచ్చాయి. దానాల్లో పాదరక్షలు కూడా ఉండటంతో పంతులుగారి చెప్పు సమస్య శాస్త్రప్రకారం తీరిపోయింది. కరీం బాషా అనుకున్నట్టే ఓ పక్కన కూచున్నాడు. త్రినాథరావు పేరూ గోత్రమూ పంతులుగారు పైకి చదివినప్పుడు, "ఆయ్" అని ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కించి, లోపల్లోపల కుమిలిపోయాడు.

భోజనాలయ్యాక వాకిట్లో ఇటుకల దన్నుతో బండి నిలబెట్టారు. కరీం బాషా కుడివైపు ముక్కాలిపీట వేసుకుని, గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. ఎడమవైపు ఖాళీగా ఉంది. పద్మావతి లోపల్నుంచి పీట తెచ్చుకుని ఆ ఖాళీలో కూచుంది.

"ఆయన సోటులో నాను కూకుంటాను. సెప్పు, ఎలా తిప్పాల?"

కరీం బాషా కాదనలేకపోయాడు. ఆ స్క్రూకి హక్కుదారంటూ ఉంటే ఆవిడే. రెండో గొట్టం ముక్క అందించబోయాడు.

"అదెందుకన్నయ్యా? ఆయన మాత్రం ఇన్నాడేటి?"

"అదేటి సెల్లెమ్మా, అలాగంటావ్?"

"ఆయనకి ఇనపడదు కదా. పెళ్ళైన కొన్నేళ్ళకే టగ్గు ఇంజను రెండు సెవులూ తినీసింది. ఆఫీసోళ్ళకి తెలిస్తే కిందకి దించేత్తారని ఎవరికీ సెప్పనివ్వలేదు. ఇంట్లో అంతా సైగలే మాకు. నీకు కూడా తెలీదేటి?"

కరీం బాషా చెవిలోంచి గొట్టం జారి పడింది. "మరి శుక్రవారాలు? గొట్టం సెవిలో ఎట్టుకుని సాయంత్రం దాకా కూకునేవోడు! నా బుసకీ ఆడి బుసకీ సరిగ్గా కలిపీవోడు!"

"నీ మొగం సూసీవోడు. ఇంటికొచ్చి నాకు సేసి సూపించీవోడు. బావ కనుబొమలు పైకెల్తే తప్పంట, కిందకి దిగితే ఒప్పంట. దిగినప్పుడు ఆపీడమే. బావ మొగం సదువుతాను, నాకింక సెవులెందుకని నవ్వీవోడు."

"ఒకపాలి ఆ స్క్రూ నాను తిప్పితే అలిగి ఎల్లిపోనాడు కదా?"

"రెండూ నువ్వే తిప్పీసుకుంటే," అంది పద్మావతి, "ఇంక ఆయనతో నీకేటి పని?"

కరీం బాషా కింద పడిన గొట్టం తీసి చేతికి చుట్టుకున్నాడు. అన్నేళ్ళు పక్కన కూచున్న మనిషికి తన మాట ఒక్కటి కూడా వినపడలేదు. చెప్పిన జోకులు, చెప్పుకున్న కష్టాలు, తన బిడ్డ పోయినప్పుడు షెడ్డులో కూచుని చెప్పుకున్నదంతా, దేనికీ అవతల చెవి లేదు. అయినా ఆ రోజు త్రినాథరావు సరైన మాట దగ్గరే తన చెయ్యి పట్టుకున్నాడు. మొహం చూసి పట్టుకున్నాడన్నమాట. ఈ సంగతి గుర్తొచ్చేసరికి తిరుగు ప్రయాణంలో చూసుకుందామనుకున్నది అక్కడే వచ్చేసింది.

గవర్రాజు వీధి చివరిదాకా తోస్తే బండి స్టార్టయి, వణుకుతూ వాకిట్లోకొచ్చింది. అది ఆగకుండా కరీం బాషా చేత్తో రేజ్ చేస్తూ కూచున్నాడు. పద్మావతి గోటితో లక్క గీకేసి, భర్తలాగే ఆయన మొహంకేసి చూస్తూ స్క్రూ తిప్పడం మొదలెట్టింది. కనుబొమలు దిగినప్పుడు ఆపాలి. కానీ ఏడుస్తున్న మనిషి కనుబొమలు ఒక చోట నిలబడవు. పైకి లేచాయి, ఆవిడ తిప్పింది. ఇంకా లేచాయి, ఇంకా తిప్పింది. కరీం బాషా కళ్ళనిండా నీళ్ళతో ఆవిడ చెయ్యి చూడలేదు. ఢామ్మని ఒక పేలుడు పేలి ఇంజను ఆగిపోయింది. చెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి.

"అన్నయ్యా," అంది పద్మావతి అరచెయ్యి చాపి. "ఇది వచ్చీసింది."

ఏడాది పాటు లక్క వేసి కాపాడిన స్క్రూ ఆవిడ అరచేతిలో ఉంది. దాన్ని చూసి కరీం బాషా గుండె ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. నవ్వొచ్చింది. ఏడుపులోంచి వచ్చిన నవ్వు కనుక మొహం మరీ ఘోరంగా ఉంది.

ఎలాగూ ఊడింది కాబట్టి ఎడమ కార్బ్యురేటరు విప్పాడు. లోపలి సన్నని దారిలో ఆవగింజంత మురికి. ఊదాడు, పోయింది. మళ్ళీ బిగించి, కిక్కు కొట్టి, ఈసారి రెండు గొట్టాలూ తన రెండు చెవుల్లోనే పెట్టుకుని, రెండు స్క్రూలూ తనే తిప్పాడు. ఇంజను కుదుటపడింది. అది మామూలు కుదుటపడటం కాదు. సీటు మీద నీళ్ళ గ్లాసు పెడితే తొణకదు. ఆ బండి అంత సమంగా కొట్టుకోవడం కరీం బాషా జన్మలో వినలేదు.

"అబ్బ, సూపరన్నా!" అన్నాడు గవర్రాజు.

పద్మావతి గడపలో నిలబడి వింది. తల అడ్డంగా ఊపింది. "ఇది ఆయన బండి కాదన్నయ్యా."

"అదే బండి సెల్లెమ్మా. బాగుపడింది."

"ఆయనది మూడు కొట్టి ఒకటి మింగీది. వీధి మొదట్లో ఆ సప్పుడు ఇనపడగానే నాను లేచి అన్నం వార్చీదాన్ని. ఆయన ఎలాగూ ఇనలేడు, ఆయన తరపున నానే ఇనీదాన్ని. గుమ్మంలో ఒక్కపాలి ఇందామనే బండి తెమ్మన్నాను. గవర్రాజుకిద్దామని కాదు. ఆడికి సైకిలే రాదు."

కరీం బాషాకి అప్పుడు అర్థమైంది. తన కనుబొమలు దిగడం చూసి త్రినాథరావు చెయ్యి ఆపేలోపు, ఆ స్క్రూ ప్రతిసారీ వెంట్రుకవాసి ఎక్కువ తిరిగేది. ఆ మింగుడు అదే. ఇంగ్లీషువాళ్ళు బండి చెయ్యడంలోనే లోపం ఉందని ఇన్నేళ్ళూ దొరల్ని తిట్టాడు.

ఆయన లేచి, పీట ఎడమవైపుకి మార్చుకున్నాడు. ఆ వైపు కూచోవడం అదే మొదటిసారి. రెండు చెవుల్లోంచీ గొట్టాలు తీసి కింద పెట్టాడు. ఇంజనుకేసి చూడలేదు, వినడానికి ప్రయత్నించలేదు. గడపలో నిలబడ్డ పద్మావతి మొహంకేసి చూస్తూ స్క్రూ మీద చెయ్యి వేశాడు. కొంచెం తిప్పాడు. మొహం అలాగే ఉంది. ఇంకొంచెం తిప్పాడు. ఇంజను మూడు కొట్టి ఒకటి మింగింది. పద్మావతి కళ్ళు మూసుకుని, చప్పున వంటింటివైపు తిరిగి రెండడుగులు వేసింది. ఆ రోజు అన్నం ఎప్పుడో వార్చేశారు. ఆవిడ అక్కడే గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

కరీం బాషా స్క్రూ మీంచి చెయ్యి తీసేశాడు. బండి కాసేపు అలా తడబడుతూ కొట్టుకుని, దానంతటదే ఆగింది. మళ్ళీ కిక్కు కొట్టమని ఎవరూ అనలేదు.

"తీసుకుపో అన్నయ్యా. నీ దగ్గరే ఉండాల అది," అంది పద్మావతి కళ్ళు తుడుచుకుని.

"ఇక్కడే ఉండనీ సెల్లెమ్మా. శుక్రవారం నమాజు సదూకుని వత్తాను."

"బాగుసెయ్యడానికా?"

"బాగైపోయుంటే పాడుసెయ్యడానికి."

సాయంత్రం కరీం బాషా, పొద్దున్న రషీదా చెప్పిన బస్సే ఎక్కాడు. పక్కన కొత్త చెప్పులతో పంతులుగారు. టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు టోపీనీ పిలకనీ మార్చి మార్చి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు పొద్దున్న తగరపువలస దగ్గర సచ్చిపోయారు కదేటి?"

"మేం కాదు బాబూ," అన్నాడు కరీం బాషా. "పోయినాయన్ని సూసొత్తన్నాం."

కండక్టరు అర్థం కాకపోయినా తలూపి, రెండు ఫుల్ టికెట్లు చింపాడు.